ఏడో నెంబరు స్త్రీ

జ్యూరీ నిర్ణయం చెప్పకముందే స్వీట్ల మీద మూతలు తీసేశారు. మా దగ్గర థీసిస్ డిఫెన్స్ అంటే సగం పరీక్ష, సగం పెళ్ళి. ఎప్పుడూ పెళ్ళి సగమే ముందొస్తుంది. అభ్యర్థి తల్లి, మేనత్తలు, చెల్లెళ్ళు కారిడార్‌లో బల్లలు వేసి, బక్లావా, మఖ్రూద్, అక్రోట్లు దట్టించిన జౌజియా పేర్చి, నారింజపూల నీళ్ళు కలిపిన కాఫీ ఫ్లాస్కుల్లో పోసుకుని కూర్చుంటారు. లోపలికి తినుబండారాలు తేరాదన్న డీన్ గారి నోటీసు ఆ బల్లల వెనక గోడకే ఉంటుంది. దానికి పూలగుత్తి ఆనించి పెడతారు. ముప్పై ఏళ్ళుగా కాన్‌స్టంటీన్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. డిఫెన్స్ రోజు ఫెయిలైన మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు. ఎట్లా అవుతాడు? బక్లావా అప్పటికే ముక్కలు కోసి ఉంటుంది కదా.

నా పేరు సబీహా. చరిత్ర శాఖలో ప్రొఫెసర్‌ని. ప్రొఫెసర్‌నై మూడేళ్ళే. ఎలా అయ్యానో కూడా చెబుతాను, చెప్పక తప్పదు.

ఆ గురువారం డిఫెన్స్ నదీర్ అనే కుర్రాడిది. కుర్రాడంటే ముప్పై మూడేళ్ళు. మర్యాదస్తుడు, పెద్దవాళ్ళు లోపలికొస్తే లేచి నిలబడే రకం. థీసిస్ పేరు 'వలస పాలకుల లెక్కకు లొంగని జ్ఞానం'. మా స్వాతంత్ర్యం కోసం ఫ్రెంచివాళ్ళతో యుద్ధం జరిగేటప్పుడు వాళ్ళ సైన్యం ఔరెస్ కొండల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి, జనాన్ని ముళ్ళకంచెల మధ్య పెట్టింది. ఇంటికొక నెంబరు, మనిషికొక కార్డు. రోజూ సాయంత్రం తలలు లెక్కపెట్టేవాళ్ళు. ఆడవాళ్ళేమో వెనక గోడల మీదుగా పిల్లల్ని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి అందించేసేవాళ్ళు. లెక్క ఒక్కరోజూ కుదరలేదు. కుదరకపోతే పోరాటానికి ఎవరు కొండెక్కారో, ఎవరు దిగారో సైన్యానికి ఎలా తెలుస్తుంది?

ఈ సంగతి నాకు నదీర్ థీసిస్ చదివి తెలియలేదు. తొమ్మిదేళ్ళ కిందటే తెలుసు. గనియా చెప్పింది.

గనియా నా విద్యార్థిని. వారానికి రెండు రోజులు బస్సెక్కి ఆ కొండ ఊళ్ళకు వెళ్ళేది. మూడేళ్ళలో ముప్పై ఒక్కమంది ముసలమ్మల మాటలు రికార్డు చేసింది. వాళ్ళలో ఆమె సొంత అమ్మమ్మ హద్దా కూడా ఉంది. ప్రతి రికార్డింగుకీ ఒక కాగితం. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, శిబిరంలో ఇచ్చిన నెంబరు. ఆ నెంబరు రాసి మళ్ళీ కలంతో అడ్డంగా కొట్టేసేది. "అదెందుకే కొట్టేయడం, అదీ ఆధారమే కదా?" అన్నాను ఒకసారి. "పేరు రాశాక దాంతో పనేముంది ఉస్తాదా?" అంది.

ఆ పనిని మా శాఖ కమిటీ తిప్పికొట్టింది. కమిటీ పెద్ద సీ లమీన్, అంటే లమీన్ గారు. "ఇందులో సిద్ధాంతం ఎక్కడుంది? ముసలమ్మల కబుర్లు" అన్నాడు. అప్పటికింకా ఆయన నోట వలస విముక్తి సిద్ధాంతం పలికేది కాదు. ఆ ఆలోచన మా గడ్డ మీద, మా నెత్తురులో పుట్టిందే. కానీ పారిస్ వెళ్ళి, లండన్ వెళ్ళి, అక్కడి ప్రొఫెసర్ల చేత ముద్ర వేయించుకుని తిరిగొచ్చాకే మావాళ్ళకు రుచించింది. మా ఖర్జూరాలు ఫ్రెంచి రేవు మార్సెయ్‌లో డబ్బాకెక్కితే తప్ప మావాళ్ళకు తీపి అనిపించవు, ఇదీ అంతే. నేను ఆ రోజు కమిటీలో నోరెత్తలేదు. "ఓపిక పట్టు తల్లీ" అన్నాను గనియాతో. ఓపిక పట్టింది. రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. ఊరికెళ్ళి మునిసిపాలిటీలో జనన మరణాల రిజిస్టర్లు రాసే ఉద్యోగంలో చేరింది. రికార్డింగుల హార్డ్ డిస్కు, కాగితాలు నా బీరువాలో పెట్టి వెళ్ళింది, ఎప్పటికైనా తిరిగొస్తానని.

మూడేళ్ళ కిందట సీ లమీన్ కొత్త పరిశోధనా ల్యాబ్‌కి డైరెక్టరయ్యాడు. పైనుంచి తనిఖీకి వస్తున్నారు, చూపించడానికి ల్యాబ్‌లో కుర్చీలు తప్ప ఏమీ లేవు. "నీ దగ్గర ఆ ఔరెస్ సరుకు ఉండాలే" అన్నాడు. నా ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు సరిగ్గా ఆ వారమే ఆయన బల్ల మీద ఉంది. ఇవ్వు అని ఆయన అనలేదు, ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా అనలేదు. 'ల్యాబ్ ఆస్తిగా అప్పగించడమైనది' అన్న కాగితం మీద నేనే సంతకం పెట్టాను. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, ఇల్లు జాగ్రత్త నాయనా అన్నట్టు, "గనియా పేరు మాత్రం మరిచిపోకండి" అన్నాను. "భలేదానివే" అని నవ్వాడు.

నదీర్ థీసిస్ డిఫెన్స్‌కి రెండు నెలల ముందు పరీక్షకురాలిగా నా చేతికొచ్చింది. గనియా పేరు ఎక్కడా లేదు. అది ఒక ఎత్తు. ముసలమ్మల పేర్లు కూడా లేవు. స్త్రీ-1, స్త్రీ-2, అలా ముప్పై ఒకటి దాకా. ఫ్రెంచివాడు తగిలించిన నెంబరు గనియా కొట్టేసింది, వలస విముక్తి పేరు చెప్పుకుని మావాళ్ళు కొత్త నెంబర్లు తగిలించారు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. మండిందిగానీ, నివేదికలో ఏం రాశానో తెలుసా? 'మూలాలను మరికొంత స్పష్టం చేయవచ్చు.' అంతే రాశాను. డిఫెన్స్‌లో నిలదీద్దాంలే అనుకున్నాను.

గురువారం పొద్దున కాఫీ దగ్గర సీ లమీన్ మంచి ఊపు మీదున్నాడు. బాత్నా నుంచి వచ్చిన రెండో పరీక్షకుడు తాహర్ పక్కనే ఉన్నాడు. అందరం కలిపి ముగ్గురమే జ్యూరీ.

"ఫ్రెంచివాళ్ళ పని అయిపోయింది తాహర్. కింద సాహెల్ దేశాల నుంచి వాళ్ళ సైన్యం మూటా ముల్లె సర్దుకుంది. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. యూనివర్సిటీల్లో వాళ్ళ పిల్లలే వాళ్ళని బోనెక్కిస్తున్నారు. ఇంక పడమర వైపు చూసి ఎవరు రాస్తారు?" అన్నాడు.

"పడిపోతే పడిపోనీ సీ లమీన్. మావాడి ఫ్రెంచి వీసా స్టాంపు పడేదాకా మాత్రం కాస్త ఆగమనండి. ఏప్రిల్ నుంచి అపాయింట్‌మెంట్ కోసం కంప్యూటర్ ముందే కాపురం" అన్నాడు తాహర్.

"మా అమ్మాయిదీ అదే గోల" అన్నాడు సీ లమీన్ గొంతు తగ్గించి. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. మా మేనకోడలు లియోన్‌లోనే ఉంది, నవ్వకుండా ఏం చేస్తాను?

హాల్లోకి అడుగుపెట్టి, నా కుర్చీ వైపు వెళ్తూ జనం వైపు చూశాను. ఆఖరి వరసలో, గోడ పక్కన గనియా కూర్చుని ఉంది. డిఫెన్స్‌కి ఎవరైనా రావచ్చు. పోస్టర్ ఫేస్‌బుక్‌లో పెట్టారు, శీర్షిక చూసి వచ్చి ఉంటుంది. నన్ను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది.

నదీర్ బాగానే మాట్లాడాడు. తెర మీద ఒక వాక్యం చూపించి చదివాడు. "స్త్రీ-7 ఇలా అంటుంది. 'ఆ సోల్జరు పదిసార్లు లెక్కపెట్టి చివరికి ఏడ్చేశాడు. నాకు జాలేసింది, వాడూ ఎవరో తల్లి కన్న పిల్లాడే. అయినా ఆ మర్నాడూ లెక్క తప్పించాం.'" హాలంతా నవ్వింది. గనియా నవ్వలేదు. ఆ మాట వాళ్ళ అమ్మమ్మది.

నా వంతు వచ్చింది.

"నదీర్, ఈ రికార్డింగులు ఎవరు చేశారు?"

"ల్యాబ్ సేకరణ ఉస్తాదా."

"ల్యాబ్‌కి కాళ్ళున్నాయా, కొండెక్కి వెళ్ళడానికి?"

జనం నవ్వారు. నదీర్ చెవులు ఎర్రబడ్డాయి. థీసిస్ నడిపించిన గురువు సీ లమీన్ వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"క్షమించాలి ఉస్తాదా. ఎవరు అనే ప్రశ్నే మనకు వాళ్ళు అంటించి పోయిన జబ్బు అనుకుంటాను. ప్రతి మాటకీ ఒక యజమాని ఉండాలి, ఒక పేరుండాలి, ఒక పట్టా ఉండాలి అని నేర్పింది వాళ్ళు. మన అమ్మమ్మల మాటకి యజమాని లేడు. అది అందరిదీ."

చప్పట్లు మోగాయి. మేనత్తలు నాలుకలు ఆడిస్తూ ఉలూలూ అని సంతోషపు కేకలు పెట్టారు.

మరి అట్ట మీద నీ పేరెందుకు నాయనా? ఈ ప్రశ్న నాలుక కొస దాకా వచ్చింది. సీ లమీన్ ముందున్న ఫైలు మీద చెయ్యి వేసి, వేళ్ళతో మెల్లగా తడుతున్నాడు. ఎవరు చేశారు అని అడిగితే, ఎవరు ఇచ్చారు అనే ప్రశ్న దాని వెనకే వస్తుంది. ఆఖరి వరస వైపు చూడకుండా, "సరే, లోపల మాట్లాడుకుందాం" అని మైకు పక్కకు జరిపాను.

చర్చించుకోవడానికి మాకిచ్చింది పాత పుస్తకాలు పడేసే కొట్టుగది. ఒకే కిటికీ, అదీ లోయ వైపు. తలుపు బిగుసుకుపోతే భుజంతో తోయాలి. బల్ల మీద నిర్ణయం టైపు చేసి సిద్ధంగా ఉంది. 'అత్యుత్తమం, జ్యూరీ అభినందనలతో.' మంగళవారమే టైపు చేశారని కింద తేదీ చూస్తే తెలిసింది. కింద మూడు సంతకాలకి మూడు గీతలు.

"నేను పెట్టను" అన్నాను.

తాహర్ గడియారం చూసుకున్నాడు. "అమ్మా సబీహా, రెండింటికి బాత్నా షేరింగ్ టాక్సీ ఉంది, అది పోతే గురువారం సాయంత్రం ఇంకోటి దొరకదు. అసలు సంగతేమిటి?"

"ఇది గనియా అనే పిల్ల పని. ఆమె పేరు లేదు. ఆ ముసలమ్మల పేర్లు లేవు. యజమాని లేని మాటలట! మరి అట్ట మీద పేరెవరిది?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

సీ లమీన్‌కి కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు, అదే భయం. ఫైలు తెరిచి ఒక కాగితం తీసి నా వైపు తిప్పి పెట్టాడు. నా సంతకం. మూడేళ్ళ కిందటిది, నీలి సిరాతో.

"నేనేమీ దాచలేదు సబీహా. దాచవలసిన అవసరం నాకు లేదు కూడా. నువ్వు మొదలుపెడితే నేను పూర్తి చేస్తాను, అంతే. ఆ పిల్ల బయటే ఉందిగా? పిలవనా?"

తలుపు అవతల నదీర్ తల్లి ఎవరితోనో, "ఆలస్యమైతే మంచిదేనట, పొగుడుతున్నారన్నమాట" అంటోంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మూడు రోజులు నిలబడి ఆ స్వీట్లు చేసిందని పొద్దున నదీరే చెప్పాడు. ఆమె ముందు తలుపు తీసి, మీవాడు ఫెయిల్ అని ఎవరు చెప్పగలరు? నావల్ల అవుతుందా? అడకత్తెరలో పోకచెక్క అంటారు చూశారా, అదే నా పరిస్థితి.

దారి తాహరే చూపించాడు. "సవరణల షరతు రాయండి. ఆ అమ్మాయి పేరు, ముసలమ్మల పేర్లు మూడు నెలల్లో చేర్చాలి. చేర్చాడని సబీహా కళ్ళారా చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. పెట్టందే పట్టా చేతికి రాదు. కుర్రాడూ నష్టపోడు, న్యాయమూ పోదు. అయిందా? కాఫీ చల్లారిపోతోంది."

సీ లమీన్ వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. తన చేత్తోనే షరతు రాశాడు, ముప్పై ఒక్క పేర్లూ చేర్చాలని కూడా రాశాడు. నేను సంతకం పెట్టాను. పెట్టి, గెలిచాననే అనుకున్నాను. తాళంచెవి ఇప్పుడు నా చేతిలో ఉంది కదా అనుకున్నాను.

తలుపు భుజంతో తోసుకుని బయటికొచ్చాం. అందరూ లేచి నిలబడ్డారు. సీ లమీన్ చదివాడు, షరతు సంగతి మాత్రం చదవలేదు, అది పైకి చదవరు. ఉలూలు, ఫోన్ల ఫొటోలు, ఏడుపులు. నదీర్ తల్లి కుంటుకుంటూ వచ్చి నా నోట్లో జౌజియా ముక్క కుక్కి, రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. "నా కొడుకుని మనిషిని చేశావు తల్లీ, నీ చేతులు చల్లగుండ!" అంది. ఆ ముక్క పళ్ళకు అంటుకుపోయింది.

గనియా జనం పలచబడేదాకా ఆగి దగ్గరికొచ్చింది. తొమ్మిదేళ్ళలో బాగా చిక్కిపోయింది, వేళ్ళకు రిజిస్టరు సిరా. ఏమంటుందోనని నేను ముందే మొదలుపెట్టాను. "గనియా, షరతు రాయించాను. నీ పేరు చేరుస్తారు. అందరి పేర్లూ చేరుస్తారు. నేనే చూసి సంతకం పెట్టాలి, అప్పుడే పట్టా."

"విన్నాను ఉస్తాదా" అంది. "తలుపు పక్కనే నిలబడ్డాను. తిట్టుకోకండి. మాటలన్నీ వినపడలేదు, మీ గొంతు వినపడింది. నా పేరు కోసం అలా అరిచిన మనిషి ఇన్నేళ్ళలో మీరొక్కరే." వంగి నా తల మీద ముద్దు పెట్టింది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ డిస్కు వాళ్ళకిచ్చింది నేనే అని. నాలుగు మాటలే. "నీకు ఎవరున్నారే, నేను తప్ప" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

"ఉస్తాదా, ఒక్క ఉపకారం. అమ్మమ్మ జనవరిలో పోయింది. అమ్మ ఆవిడ గొంతు వినాలంటోంది. నా కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది, మీ బీరువాలో ఉన్నదే మిగిలింది. ఒక్కదాన్ని కాపీ చేసుకుంటాను."

"ఆదివారం రా తల్లీ, ఇస్తాను" అన్నాను. నా బీరువాలో ఏముంది ఇవ్వడానికి?

సీ లమీన్ తన గదిలో బక్లావా తింటున్నాడు. సంగతి విని మెత్తబడ్డాడు. "అయ్యో, పెద్దావిడ పోయిందా? దేవుడు కరుణించాలి. డిస్కు మొత్తం తీసుకెళ్ళు, అడగాలా? నేనేమన్నా రాక్షసుణ్ణా?" ఇనప బీరువా తాళం తీసి డిస్కు బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే ఇంకో కాగితం పెట్టాడు. సవరణలు పూర్తయ్యాయని చెప్పే సర్టిఫికెట్. తేదీ ఖాళీ.

"ఇదేమిటి?"

"ఉద్యోగాల పోటీకి దరఖాస్తులు జూలై ఆఖరుకి అయిపోతాయి. మూడు నెలలాగితే ఈ ఏడాది పోయినట్టే. ఆ తల్లిని చూశావుగా. పేర్లంటావా, రేపు పుస్తకంగా వేసేటప్పుడు అన్నీ వేద్దాం. నేను మాటిస్తున్నాను."

"పుస్తకం ఎప్పుడు?"

"వేసినప్పుడు."

డిస్కు మీద చెయ్యి తియ్యలేదాయన. నొక్కి పట్టలేదు, ఊరికే ఆనించి ఉంచాడు. వద్దంటే ఆదివారం గనియాకి ఏం చెప్పాలి? డిస్కు లేదని. ఎందుకు లేదని అడుగుతుంది. ఎక్కడికి పోయిందని అడుగుతుంది. ఒక్క దారం లాగితే బట్టంతా ఊడొస్తుంది. పాపం, అమ్మమ్మ గొంతు కోసం ఆ పిల్ల అడిగింది, పేరుదేముంది, గొంతు ముఖ్యం అని నాకు నేను చెప్పుకుంటూ సంతకం పెట్టాను. అదీ అబద్ధమే. ఆదివారం ఆమె ముఖం ఎలా చూడాలన్న భయంతో పెట్టాను.

శుక్ర, శనివారాల సెలవు అయిపోయి, ఆదివారం పదింటికి గనియా వచ్చింది. నా కంప్యూటర్‌కి డిస్కు తగిలించి, అమ్మమ్మది ఏదో వెతికి, ఇయర్‌ఫోన్ ఒకటి తను పెట్టుకుని రెండోది నాకివ్వబోయింది. వద్దన్నాను. చాలాసేపు విన్నది. మధ్యలో ఒకసారి పకపకా నవ్వింది. "నన్ను తిడుతోంది ఉస్తాదా. ఆ మిషను ఆపి రొట్టె తినవే, ఎముకల గూడులా ఉన్నావ్ అంటోంది." కళ్ళు తుడుచుకుని, కాపీ చేసుకుని, డిస్కు జాగ్రత్తగా గుడ్డలో చుట్టి మళ్ళీ నాకే ఇచ్చింది. నా దగ్గరుంటేనే భద్రమట.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మూడు నెలలంటే సెప్టెంబర్‌కి అయిపోతుంది కదా? ఆ ముప్పై ఒక్కమందిలో ఇంకా ఇద్దరున్నారు. ఒకామెకి తొంభై. మీ పేర్లు అచ్చులో చూపిస్తానని అప్పట్లో అందరికీ మాటిచ్చాను ఉస్తాదా, తక్కినవాళ్ళు ఆగలేదు. వీళ్ళిద్దర్నీ మాత్రం తీసుకొస్తాను. చదవడం రాదు, నేనే వేలు పెట్టి చూపిస్తాను. బస్సు పడదు వాళ్ళకి, ఎవరిదో కారు మాట్లాడుకోవాలి. తేదీ ముందే చెబితే బాగుంటుంది."

నేను గోడ మీద క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి కాగితాలు తిప్పాను. సెప్టెంబర్ పదిహేను, ఆదివారం, పది గంటలకు, థీసిస్ కాపీలు పెట్టే లైబ్రరీ దగ్గరికి తీసుకురమ్మన్నాను. ఆమె రాసుకుంది.